దోర్నకల్ తండ్రిగారు
(మన వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)

  

ఈ మహాసభయందు మహనీయు లొకరి జీవితమును గూర్చి యరగంటసేపు ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. మేము దోర్నకల్ బిషప్పు వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారి పేరు చెప్పితిమి. వెంటనే రెండాక్షేపణలు వచ్చినవి. ఆయన మన కులమువారు కారు, తుదకు తెలుగువారైనను కారు, మన కులసభలో ఆయన ప్రసక్తి యేల యని యొకరనిరి. ఈ పందిరిక్రింద గూర్చున్నవారిలో ఆదివారమునాడు గుడికి బోవని వారనేకులున్నారు, వారికి పాదిరిగారి కథ యేల యని మరియొకరనిరి. రెండును న్యాయమైన ప్రశ్నలే. వానికి సమాధానము చెప్పుటయే నేటి మా యుపన్యాసము.

మతమును జూచి మే మీ పేరు చెప్పలేదు. మన కుటుంబములలో మొట్టమొదటి పలక యెవరి చేతికి వచ్చినది, ఎవరి బడిలో వచ్చినది యని వెనుకకు బోయి విచారించినచో, కృష్ణా, గోదావరి, ఖమ్మము, వరంగల్లు ప్రాంతములయం దనేకులకు మిషను బడియే కనబడును. ఆ బడిలో చాపమీద గూర్చుండి యక్షరములు దిద్దినవారిలో బాప్తిస్మము పొందినవారును గలరు, పొందనివారును గలరు. ఋణము మతము నెరుగదు. ఋణము నొప్పుకొనుట మానవధర్మము.

అజరయ్యగారు తిరునల్వేలి ప్రాంతమునందలి వెళ్ళాలన్‌విళై యను పల్లెయందు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీని జన్మించిరి. వారిది నాడారు కులము. పూర్వము శాణారులని పిలువబడి, తాటిచెట్టెక్కి కల్లును బెల్లమును దీసి బ్రదికినవారు వారు. వారిలో అనేకులకు దేవాలయప్రవేశము లేకుండెను. కముది దేవాలయపు వ్యాజ్యెము సీమలోని ప్రీవీ కౌన్సిలువరకు బోయి, 1908లో వారికి ప్రతికూలముగనే ముగిసెను. అయినను వారు క్రుంగిపోలేదు. 1910లో నాడార్ మహాజన సంగమును స్థాపించుకొని, విద్యచేతను వర్తకముచేతను తలయెత్తుకొనిరి. కులసంఘము పెట్టుకొనిన మనకు ఈ చరిత్ర తెలిసియుండుట మంచిది.

తండ్రి తోమా వేదనాయకముగారు పల్లెటూరి పాదిరి. తల్లి ఎల్లెనుగారు. ఆ దంపతులకు చాలకాలము ప్రార్థించినమీదట గలిగిన కుమారుడు గనుక శామ్యూలని పేరు పెట్టిరి. బాలుడు పెరిగి పెద్దవాడు కాకమునుపే తండ్రి పోయెను. తల్లి కష్టపడి పెంచినది. ఆ తల్లియొక్క భక్తియు, క్రమశిక్షణయు కుమారునియందు కడవరకు నిలిచినవి. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో గణితశాస్త్రము చదువుచుండగా, పట్టపరీక్ష సమయమునకు జబ్బుపడి పరీక్ష తప్పిపోయెను. మరల పరీక్షకు గూర్చుండలేదు. పట్టము లేకయే జీవితమున బ్రవేశించిరి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారికి గౌరవ డాక్టరు బిరుదము నొసగెను. పరీక్ష తప్పినంతమాత్రమున బ్రదుకు తప్పిపోయినదని దిగులుపడు మన బాలురకు ఈ సంగతి చెప్పవలెను.

1895 మొదలు 1909 వరకు వారు క్రైస్తవ యువజన సంఘమునందు కార్యదర్శిగా నుండి దక్షిణదేశమంతయు సంచరించిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. ఆ కాలమున దక్షిణదేశపు క్రైస్తవస్త్రీలలో కళాశాల చదువు చదివినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఆమె వారిలో నొకరు. కట్నములేదు, ఆర్భాటము లేదు. చదువుకొనిన వరునికి వెల కట్టు ఆచారము బలపడుచున్న దినములలో ఆయన యా పని చేసిరి. ఈ మాటను మరల నొకసారి యుపన్యాసాంతమునందు జ్ఞాపకము చేసెదము.

1902లో జాఫ్నాకు బోయినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతోనే పరిచర్య నడిపించుట వారు కన్నులార జూచిరి. ఎల్లకాలము దొరల సొమ్ముమీద నాధారపడి యుండుట మనకు తలవంపు గాదా యని తలంచిరి. 1903లో తిరునల్వేలియందు స్వదేశీయ మిషనరీ సంఘమును, 1905 డిసెంబరు 25వ తేదీని శ్రీరాంపురమునందు జాతీయ మిషనరీ సంఘమును స్థాపించుటలో వారు ముఖ్యులైరి. ఈ సంఘముల నియమము చిన్నది: మనుష్యులు మన దేశమువారు, ధనము మన దేశముది, నిర్వహణము మన దేశమువారిది.

తిరునల్వేలి సంఘమువారు తమ పనికి ఎంచుకొనిన క్షేత్రము నైజాము రాష్ట్రమునందలి దోర్నకల్ ప్రాంతము. సింగరేణి బొగ్గుగనులకు రైలుమార్గము చీలు కూడలి యది. అప్పటికి చుట్టును అడవియే. ఇతరులను పొండు పొండని ప్రోత్సహించువాడు తాను మాత్రము పట్టణమున గూర్చుండుట ఎట్లు? 1909లో అజరయ్యగారు గురుపట్టము పొంది, యున్నతోద్యోగమును విడిచి, పల్లెటూరి పాదిరిగా దోర్నకల్ చేరిరి. అప్పటికి వయస్సు ముప్పదియైదేండ్లు. భార్యయు బిడ్డలును గలవారు. మొదట గుడారమే యిల్లు. ఆ వయస్సున ఓనమాలు మొదలుపెట్టి తెలుగు నేర్చుకొని, తెలుగులో బోధించిరి. మన భాష మాటలాడుటకు సిగ్గుపడు మన బిడ్డలు ఈ తమిళుని జూచి నేర్చుకొనవలెను.

1910లో ఎడింబరో పట్టణమున ప్రపంచ మిషనరీల మహాసభ జరిగెను. అక్కడ దొరల నడుమ నిలువబడి, మీరు మాకు ధనమిచ్చితిరి, సేవ చేసితిరి, కాని స్నేహ మియ్యలేదు. స్నేహితులై రండు అని యర్థమువచ్చునట్లు వారు నిర్భయముగా జెప్పిరి. ఆ సభలో కొందరికి కోపము వచ్చెను. అనేకులకు సిగ్గు కలిగెను. మేలు చేయువాడు మేలు పొందువానిని తనప్రక్కన గూర్చుండనిచ్చునా లేదా యనునదియే అసలు ప్రశ్న. ఈ ప్రశ్న నాడు తెల్లదొరకును నల్లవానికిని నడుమ నుండెను. మన గ్రామములయందు అది వేరొకచోట నున్నది. అక్కడికి వచ్చెదము.

1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తా సెయింటు పాల్ దేవాలయమున వారికి బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమునందు భారతీయుడు బిషప్పగుట అదియే మొదలు. పదవి పెద్దదైనను బ్రదుకు మారలేదు. ఎడ్లబండిమీదను, సైకిలుమీదను పల్లెపల్లెకు దిరిగి, చెట్టుక్రింద గూర్చుండి, పేదలతో మాటలాడిరి. జనులు వారిని బిషప్పుగారని పిలుచుటకంటె 'తండ్రిగారు' అని పిలుచుటయే వాడుక యయ్యెను. ఆ పిలుపు ఉత్తరువువలన వచ్చునది కాదు.

ఆ పల్లెలెట్టివో మనకు జెప్పవలసిన పనిలేదు. ఊరికి దూరముగా గూడెము, బావి వేరు, బాట వేరు, వెట్టిచాకిరి, పుట్టినది మొదలు తీరని అప్పు. తండ్రిగారు నాలుగు శత్రువులను లెక్కించి చెప్పుచుండెడివారు: మురికి, రోగము, ఋణము, త్రాగుడు. ఈ నాలుగింటిని గెలువనిదే ప్రార్థన నోటిమాటగానే యుండునని వారి మతము. కావున బడులు, వైద్యశాలలు, సహకారసంఘములు, ముద్రాక్షరశాల వెలసినవి. గ్రామోపాధ్యాయులే వారి సైన్యము. 1924లో వారి యధ్యక్షఖండమునందు ఇంగ్లీషు గురువులు 8 మంది, భారతీయ గురువులు 53 మంది యుండిరి. 1935 నాటికి భారతీయ గురువులు 250 మంది, గ్రామోపాధ్యాయులు 2,000 మందికి పైగా నైరి. 1941 నాటికి సంఘస్థులసంఖ్య 2 లక్షలు దాటెను. ఈ వృద్ధిలో మరియొక విశేషము గలదు. గూడెములయందలి మార్పును జూచి, ఊరిలోని రైతుకులములవారును వేలకొలది వచ్చి చేరిరి. ఎవరిని అంటరానివారనిరో వారి యింటి శుభ్రతయు, వారి పిల్లల చదువును ఊరివారికి గురువులైనవి.

ఇక గృహస్థధర్మము. గ్రామోపాధ్యాయుడు ఒంటరిగా బోయిన యెడల సగము పనియే జరుగునని ఆ దంపతుల నమ్మకము. అందుచేత శిక్షణకు వచ్చువారు భార్యలతోగూడ వచ్చిరి. అన్బమ్మగారు స్త్రీల శిక్షణభారమును వహించిరి. తన సొంత బిడ్డలను పెంచుచు, పరిచారకుల భార్యలకు తల్లియై, చదువు, శిశుపోషణము, గృహనిర్వహణము నేర్పించిరి. భర్త పల్లెలవెంట దిరుగుచుండగా ఇంటిని నిలిపినది ఆమెయే. పెద్దమనుష్యుల జీవితములు చెప్పునప్పుడు ఇల్లాలిని ఒక వాక్యములో ముగించుట మన యలవాటు. దోర్నకల్ చరిత్రను అట్లు చెప్పిన యెడల సగము చరిత్ర దాచినట్లే యగును.

ఇక్కడ మా యింటి సంగతి కొంచెము చెప్పుటకు సభవారు అనుజ్ఞ యియ్యవలెను. మా తాతగారు ఆ దినములలో గ్రామోపాధ్యాయులు. మా నాయనమ్మగారు కాపురమునకు వచ్చునప్పటికి అక్షరము ముక్క రాదు. తాతగారితోగూడ శిక్షణకు వచ్చి, చంకను బిడ్డ నుంచుకొని, చేత పలక బట్టుకొని నేర్చుకొనినది. ముసలితనమున చూపు మందగించినను సాయంకాలము దీపమువద్ద గూర్చుండి మాచేత పాఠములు అప్పజెప్పించుకొనుచుండెడిది. మేము తప్పు చదివినచో చూడకయే దిద్దెడిది. ఈనాడు మే మీ వేదికమీద నిలువబడి నాలుగు మాటలు చెప్పగలిగితిమన్న, ఆ పలకయే కారణము.

అయితే సత్యమును సగమే చెప్పుట సభకు ద్రోహము. మా తాతగారు పనిచేసిన గ్రామమున రెండు గూడెము లుండెను. ఒకటి మనవారిది, రెండవది ఆవలివారిది. పేళ్లు చెప్పనక్కరలేదు, సభవారికి దెలియును. మొదట గుడిలో రెండు వరుసలుగా గూర్చుండిరి. తండ్రిగారి యాజ్ఞ స్పష్టముగా నుండెను: బల్ల యొక్కటే, గిన్నె యొక్కటే, వరుస యొక్కటే. తాతగారు ఆ యాజ్ఞను అమలు జరుపుటకు చాల మాటలు పడిరి. మనవారే కొందరు కొన్నినెలలు గుడికి రాకుండిరి. ఆయన చలింపలేదు. తుదకు ఒకే చాపమీద అందరును గూర్చుండిరి. ఇంతవరకు చెప్పి మేము గర్వపడవచ్చును.

కాని తరువాత నొకటి జరిగెను. తండ్రిగారు పరమపదించిన కొన్నియేండ్లకు, ఆవలి గూడెమునందలి ఉపాధ్యాయుడైన యొక యువకునికి మా మేనత్తనిచ్చుట యను మాట వచ్చెను. చదువుకొనినవాడు, వ్యసనము లేనివాడు, కట్నము కోరనివాడు. మా మేనత్తకును సమ్మతమే. అప్పుడు మా తాతగారే కాదనిరి. బల్లయొద్ద ఒక గిన్నెలో త్రాగించినవారు పీటలయొద్ద వెనుకకు దీసిరి. మా నాయనమ్మగారు ఆ రాత్రి భోజనము చేయలేదని తరువాత వింటిమి. మా మేనత్తను వేరొకచోట అప్పుచేసి కట్నమిచ్చి పెండ్లిచేసిరి. ఆ యప్పు తీర్చుటకు ఇంటనున్న రెండెకరములు పోయినవి. ఈ సంగతిని మా యింట అరువదియేండ్లు ఎవరును పైకి చెప్పలేదు. తాతగారిని నిందించుటకు గాదు. ఆయనవంటి ధర్మాత్ముని నిష్ఠకూడ నెక్కడ ఆగిపోయినదో చూపుటకు నేడు చెప్పుచున్నాము. ఒక్క తరములో ఒక్క గురువు ఎంత చేసినను, వారసులు చేయవలసినది మిగిలియుండును.

తండ్రిగారి జీవితమునందలి పెద్దవివాదమును దాటిపోరాదు. 1930 తరువాత, నిమ్నజాతుల మతాంతరమును గూర్చి మహాత్మాగాంధీగారికిని వారికిని అభిప్రాయభేదము గలిగెను. ఎవరి మతమునందు వారుండి దానిని సంస్కరించుకొనవలెననియు, పేదల మతాంతరములో ప్రలోభము చేరుననియు గాంధీగారి భయము. ప్రలోభము తప్పని తండ్రిగారును ఒప్పుకొనిరి. అయితే పేదవానికి మాత్రము మనస్సు లేదా, మంచిచెడ్డలు విచారించి యెంచుకొను స్వాతంత్ర్యము లేదా యని వారి ప్రశ్న. ఆ కాలముననే, 1935లో, డాక్టరు అంబేద్కరుగారు తాను హిందువుగా మరణింపనని యేవలాయందు ప్రకటించిరి. ముగ్గురును పెద్దలు. ముగ్గురి మార్గములును వేరు. ఈ సభలో ముగ్గురిని గౌరవించువారును గలరు. మేము తీర్పరులము గాము. కాని ఒక్కమాట: మనల గూర్చి యితరులు మాటలాడుచున్నప్పుడు, మన మనస్సు మనదేయని నొక్కిచెప్పిన వారిలో ఈ పాదిరిగారొకరు. మరియు, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వారు వాదించిరి. తనవారి సంఖ్య పెరుగుచున్నప్పుడు దానిని రాజకీయపు బేరముగా మార్చకుండుట అందరికి సాధ్యమగు పనికాదు.

దోర్నకల్ దేవాలయమును జూడనివారు ఒకసారి చూడవలెను. 1914లో పని మొదలై, సొమ్ము చాలక, ఆగి సాగి, 1939 జనవరి 6వ తేదీని ప్రతిష్ఠ జరిగెను. ఇరువదియైదేండ్ల శ్రమ. సీమదేవాలయమునకు నకలుగాక, గుమ్మటములు, మీనారులు, మన గుళ్లలోని స్తంభములు, చెక్కిన పద్మములు అన్నియు నందు గలవు. పిడికెడు బియ్యము తీసి చందావేసిన పేదల పేళ్లు ఆ రాళ్లమీద లేవు. కాని ఆ రాళ్లు వారివే.

1945 జనవరి 1వ తేదీని తండ్రిగారు దోర్నకల్ నందే దేహము చాలించిరి. వారు చిరకాలము పాటుపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీని దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. రెండేండ్ల తొమ్మిదినెలలు మాత్రమే తక్కువైనవి. విత్తినవాడు పంటను జూడకుండుట లోకములో క్రొత్త గాదు.

తరువాతి చరిత్ర మీకు దెలిసినదే. 1950లో వెలువడిన రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల జాబితాను మతముతో ముడివేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ ముడి సడలెను, క్రైస్తవులకు సడలలేదు. అందుచేత ఒకే తల్లికడుపున బుట్టిన అన్నదమ్ములు కాగితములమీద రెండు జాతులైరి. ఊరిలోనివారు మాత్రము ఇరువురిని ఒకేచూపుతో జూచిరి. ఈ యన్యాయమును గూర్చి మన సంఘము విజ్ఞాపనలు వ్రాయుచునే యున్నది, వ్రాయవలసినదే. కాని ప్రభుత్వమును న్యాయమడుగు చేతులతోనే ఆవలి గూడెమునకు మనము న్యాయము చేయుచున్నామా? మనకు పైవాడు చేసినది దోషమైనచో, మన ప్రక్కవానికి మనము చేయునది ఏమి?

కులమునకు సంఘమేల, కులము పోవలెనన్న పాదిరిగారి పేరు కులసభలో నేల యని మొదట నడిగిన మిత్రునకు మా సమాధానమిది. క్రిందపడినవాడు లేచుటకు కఱ్ఱ పట్టుకొనును. కులసంఘము మనకు కఱ్ఱ. లేచి నిలువబడినతరువాత ఆ కఱ్ఱతో ప్రక్కవానిని కొట్టరాదు. నాడారులు సంగము పెట్టుకొని లేచిరి. వారిలో బుట్టిన యీ యొక్కడు తన కులమును దాటి, తన భాషను దాటి, తనకంటె క్రిందనున్నవారని లోకమనిన మనయొద్దకు వచ్చి, మన చాపమీద గూర్చుండెను. ఆ మాదిరి మన కనుల యెదుట నుండవలెనని మా కోరిక.

కావున ఈ మహాసభ ముందర మూడు ప్రార్థనలు పెట్టుచున్నాము. మొదటిది, మన సంఘసభ్యుల యిండ్లలో కట్నము పుచ్చుకొను పెండ్లికి సంఘపక్షమున ఎవరును పోరాదని తీర్మానింపవలెను. 1961 నుండి చట్టము గలదు. చట్టముకంటె బంధువుల మొగము బలమైనది. రెండవది, మన విద్యార్థివేతనములలో ఒకటి ప్రతియేడు ఆవలి గూడెపు బాలిక కియ్యవలెను. మూడవది, రెండు గూడెముల బిడ్డలు పరస్పరము ఇష్టపడి వివాహమాడ నెంచినప్పుడు, సంఘపెద్దలు అడ్డునిలువక, ముందునిలిచి జరిపింపవలెను. ఈ మూడవదానికి సభలో గొణుగుడు వినబడుచున్నది. వినబడవలసినదే. మా యింట అరువదియేండ్లు వినబడిన గొణుగుడే యది.

మా మేనత్తగారు ఇప్పుడు లేరు. ఉన్నయెడల ఈ సభకు వచ్చి వెనుకవరుసను గూర్చుండియుండెడివారు. ఆమె పక్షమునను, పలక బట్టిన మా నాయనమ్మగారి పక్షమునను, దోర్నకల్ దంపతులకు మా నమస్కారము లర్పించుచు, మా మాటలలో తప్పులున్న మన్నింప బ్రార్థించుచు, సెలవు దీసికొనుచున్నాము.